గుడ్డెంత? గిన్నెంత?

"20 లీటర్ల నీళ్ల టిన్ను ప్రాచీన హీబ్రూ కొలతలో ఎన్ని లోగులండీ?" అన్నారు మా కాలేజీ లెక్కల మాష్టారు. తెలుగు చెప్పుకునే నన్నడగడానికి కారణం లేకపోలేదు. తెలుగు బైబిల్లో కానా పెళ్లింటి రాతిబానలను మన తూముల్లోనే కొలిచారు మరి!

ఒక బత్ అంటే 6 హీనులు. హీనుకు 12 లోగులు. ఇంతవరకూ పేచీ లేదు. లోగు అంటే ఎంత? ఆరు కోడిగుడ్లంత అన్నారు యూదు పండితులు. ఏ కోడి గుడ్డు? మన పల్లెల్లో ఊరికో కుంచం ఉండేది, అలాగే ఉంది ఇదీ.

18వ శతాబ్దంలో ప్రాగ్ నగరపు మతగురువు ఎజెకియెల్ లాండౌ గుడ్లతోనూ, బొటనవేలి వెడల్పుతోనూ కొలిచి చూస్తే లెక్కలు పొసగలేదు. తరతరానికీ మనుషులు చిక్కిపోతారే గాని వేళ్లు లావెక్కవు గనుక, గుడ్డే సగానికి సగం చిన్నదయిందని తేల్చాడాయన! నాకైతే ఈ తర్కం భలే ముచ్చటేసింది.

20వ శతాబ్దంలో హయీం నాఎ అనే గురువు గుడ్డుకు 57.6 ఘన సెంటీమీటర్లన్నారు. హజోన్ ఈష్‌గా పేరుపడ్డ గురువు లెక్కలో దాదాపు 100. అంటే మన టిన్ను మొదటివారికి 58 లోగులు, రెండోవారికి 33 చిల్లర.

ఇది ఉబుసుపోని లెక్క అనుకునేరు! పస్కా పండుగ రాత్రి నాలుగు గిన్నెల ద్రాక్షరసం విధి. గిన్నె కనీసం పావు లోగు పట్టాలి. ఒక ఇంట్లో 86 మిల్లీలీటర్లు చాలు; ఇంకో ఇంట్లో 150 కావాలి. నాలుగూ నింపేసరికి తేడా పావు లీటరు.