ఎస్‌ఎస్‌డీ కొంటున్నారా? టెండరులో ఈ మూడు ప్రశ్నలు అడగండి

ఆ మధ్య ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్లాను. ఉదయం తొమ్మిదింటికి ప్రాక్టికల్ పరీక్ష. అరవై మంది విద్యార్థులు ఒకేసారి కంప్యూటర్లు ఆన్ చేశారు. తెరల మీద చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. పరీక్ష మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. "నెట్‌వర్క్ స్లో అండీ" అన్నారు ల్యాబ్ సిబ్బంది. నిజానికి నెట్‌వర్క్ బాగానే ఉంది. సర్వర్ గదిలో మాత్రం హార్డ్ డిస్కుల లైట్లు ఆగకుండా మినుకుమంటున్నాయి.

ఆ ల్యాబ్‌లో ఉన్నవి వర్చువల్ డెస్క్‌టాప్‌లు. విద్యార్థి ముందు తెర, కీబోర్డు, ఒక చిన్న పెట్టె మాత్రమే ఉంటాయి. అసలు కంప్యూటర్ సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ రూపంలో నడుస్తుంది. అరవై యంత్రాలను విడివిడిగా బాగుచేసుకునే శ్రమ తప్పుతుంది కాబట్టి ఈ పద్ధతి మంచిదే. అయితే అరవై కంప్యూటర్ల డిస్కు పనంతా ఒకే చోట పడుతుంది. ఉదయం అందరూ ఒకేసారి ఆన్ చేసినప్పుడు వచ్చే ఈ ఒత్తిడిని 'బూట్ స్టార్మ్' అంటారు.

హార్డ్ డిస్కు దీన్ని ఎందుకు తట్టుకోలేదో చిన్న లెక్కతో తెలుస్తుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. హెడ్ అక్కడికి జరగడానికి సుమారు 8 మిల్లీసెకన్లు. మొత్తం 12. అంటే చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని ఒక డిస్కు సెకనుకు దాదాపు 80 సార్లే అందించగలదు. ఎనిమిది డిస్కులు పెట్టినా 640. అరవై డెస్క్‌టాప్‌లు ఒక్కోటి సెకనుకు 100 సార్లు అడిగాయనుకున్నా 6,000 అవుతాయి. ఇక్కడ ఆటంకం యంత్రం కదలిక. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా దాటలేం.

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. సమాచారం ఫ్లాష్ మెమరీ గదుల్లో ఎలక్ట్రాన్ల రూపంలో ఉంటుంది. తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన సాంకేతికత ఇది. పలుచని ఆక్సైడ్ పొర గుండా ఎలక్ట్రాన్లను క్వాంటం టనెలింగ్ ద్వారా పంపి బంధిస్తారు. మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు వేల సంఖ్యలో అభ్యర్థనలకు జవాబిస్తుంది. కాబట్టి ఎస్‌ఎస్‌డీ కావాలా వద్దా అన్నది ఇప్పుడు చర్చే కాదు. ఏ ఎస్‌ఎస్‌డీ అన్నదే ప్రశ్న. మన సంస్థలు తడబడేది అక్కడే. టెండరులో 'ఎస్‌ఎస్‌డీ, 960 జీబీ' అని ఒక్క ముక్క రాస్తే తక్కువ ధర చెప్పినవారిదే గెలుపు. సర్వర్‌లోకి ల్యాప్‌టాప్ డ్రైవు వచ్చి కూర్చుంటుంది.

నా అభిప్రాయంలో టెండరులో మూడు ప్రశ్నలు తప్పనిసరిగా ఉండాలి.

మొదటిది: గంటల తరబడి రాస్తూ ఉంటే వేగం ఎంత నిలుస్తుంది? చాలా డ్రైవులు ఒక్కో గదిలో మూడు బిట్లు దాస్తాయి. అందుకు ఎనిమిది స్థాయుల విద్యుదావేశాన్ని గుర్తుపట్టాలి. నాలుగు బిట్లయితే పదహారు స్థాయులు. స్థాయులు పెరిగేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది. దీన్ని కప్పిపుచ్చడానికి ల్యాప్‌టాప్ డ్రైవులు కొన్ని గదుల్లో తాత్కాలికంగా ఒక్క బిట్టే రాస్తాయి. పెట్టె మీద కనిపించే వేగం ఆ కొద్దిసేపటిదే. ఆ భాగం నిండాక వేగం పడిపోతుంది. ఇంట్లో వాడేవారికి ఇది తెలియకపోవచ్చు. రోజంతా అరవై మంది రాస్తుంటే తెలిసిపోతుంది.

రెండోది: కరెంటు పోతే ఏమవుతుంది? డ్రైవు ముందుగా తన తాత్కాలిక మెమరీలోకి తీసుకుని, తర్వాత ఫ్లాష్‌లోకి చేరుస్తుంది. సర్వర్ డ్రైవుల్లో ఈ పని పూర్తయ్యేంత విద్యుత్తును కెపాసిటర్లు నిల్వ ఉంచుతాయి. ల్యాప్‌టాప్ డ్రైవుల్లో సాధారణంగా ఇవి ఉండవు. యూపీఎస్ ఉందిగా అనవచ్చు. బ్యాటరీ పాతబడిన యూపీఎస్ ఎలాంటిదో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక్కరి ల్యాప్‌టాప్ పాడైతే ఒక్కరి పని పోతుంది. ఇక్కడ పోయేది అరవై మందిది.

మూడోది: రోజుకు ఎంత రాయవచ్చు? రాసి చెరిపిన ప్రతిసారీ ఆక్సైడ్ పొర కొంత అరుగుతుంది. అందుకే వారంటీ కాలంలో రోజుకు డ్రైవును ఎన్నిసార్లు నింపవచ్చో తయారీదారు చెబుతారు. ఇక్కడ భయపడి ఎక్కువ ఖర్చు పెట్టేవారూ ఉన్నారు. లెక్క వేద్దాం. ఒక్కో డెస్క్‌టాప్ సెకనుకు పదిసార్లు, ప్రతిసారీ 4 కిలోబైట్లు రాస్తుందనుకుంటే, అరవైకి ఎనిమిది గంటల్లో దాదాపు 70 జీబీ. 960 జీబీ డ్రైవును రోజుకు ఒకసారి నింపవచ్చన్న హామీ దీనికి పది రెట్లకు పైగా సరిపోతుంది. మూడుసార్ల హామీ ఉన్న ఖరీదైన రకం కొనడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. మీ అవసరం వేరుగా ఉండవచ్చు కాబట్టి ముందు వారం రోజులు కొలిచి చూడండి.

చివరగా, కాగితం మీది అంకెలను నమ్మి సంతకం చేయకండి. నమూనా డ్రైవును పూర్తిగా నింపి, చిన్న చిన్న ముక్కలుగా కొన్ని గంటలపాటు రాయించి, ఆ తర్వాత వేగం కొలవాలి. అదీ చాలదు. అరవై డెస్క్‌టాప్‌లనూ ఒకేసారి ఆన్ చేసి గడియారం చూడాలి. ఈ పరీక్షకు ఒక రోజు చాలు. ఆ ఒక్క రోజు మనం వెచ్చించకపోతే, ఆ మూల్యం పరీక్ష రోజున పిల్లలు చెల్లిస్తారు.