తుపాకి థర్మామీటరు: ఎక్కడ నమ్మవలెను, ఎక్కడ కూడదు



గుంతకల్లు జంక్షనులో బండి వచ్చి ఆగినపుడు రైల్వే పనివారు తుపాకి వంటి చిన్న పరికరముతో ఇరుసు పెట్టెలను గురిచూచుట మీలో కొందరు గమనించియుందురు. ఇరుసు కాగినదా లేదా అని తాకకయే తెలిసికొనుట వారి పని. 2020లో కరోనా వచ్చినపుడు అట్టిదే మన ఊళ్లకును వచ్చి, నొసట జ్వరము చూచుటకు ఉపయోగపడినది. అటుపిమ్మట ఇండ్లలో మిగిలిన ఆ పరికరములను కొందరు గొర్రెలకు, బర్రెలకు పెట్టుచున్నారు. ఇది మానవలెనని నా గట్టి అభిప్రాయము.

ఈ ప్రాంతపు కాపరి యొకడు చెప్పిన సంగతి వినుడు. అతని గొర్రె ఒకటి మేత మానినది. చలికాలపు వేకువను ఉన్నిమీద గురిపెట్టగా, అంకెకు బదులు ‘తక్కువ’ అను గుర్తు వచ్చినదట. జ్వరము లేదని మందతో తోలుకొనిపోయినాడు. మరునాటికి గొర్రె దక్కలేదు.

తప్పు కాపరిది కాదు. అతనికి ఎవరును చెప్పలేదు. వస్తువుల నుండి వెలువడు కంటికి కానరాని వేడి కిరణములను (వీటిని 1800లో విలియం హెర్షెల్ కనుగొనెను) ఈ పరికరము గ్రహించును. అది చూచునది పైపొర వేడిమిని మాత్రమే. వేకువను ఉన్ని చల్లగానుండును, మధ్యాహ్నము ఎండకు కాలును. లోని జ్వరము రెండు వేళలను తెలియదు. పైగా నొసటి పరికరము మనిషి చర్మపు వేడిని లెక్కగట్టి ఒంటి వేడిగా మార్చి చూపును. ఆ లెక్క పశువుకు చెల్లదు. గొర్రెకు మామూలు థర్మామీటరునే మలద్వారములో ఉంచి చూడవలెను. 102, 103 డిగ్రీల ఫారన్‌హీటు సహజము. నీడన నిలిపి చూచినను 104 దాటినచో పశువైద్యుని పిలువవలెను.

మరి చేనిలో? అక్కడ పనికివచ్చును గాని, నొసటిది కాదు, పనిముట్లకై చేసినదే కావలెను. నీరందిన వేరుసెనగ ఆకు మిట్టమధ్యాహ్నము గాలికంటె చల్లగానుండును. బెట్టకు వచ్చినపుడు వేడెక్కును. తడి పెట్టిన మడితో అదే గంటకు పోల్చి చూచినచో తేడా తెలియును. అయితే 12కు 1 అని వ్రాసియున్న పరికరము అడుగు దూరమునుండి అంగుళము వెడల్పు చోటును, పన్నెండు అడుగుల నుండి అడుగు వెడల్పు చోటును చూచును. ఎఱ్ఱచుక్క గురికి మాత్రమే, కొలిచేది అది కాదు. గట్టు మీద నిలిచి చూచితిరా, సాళ్ల నడుమ కాలుచున్న నేల వేడి కలిసిపోవును. దగ్గరకు పోయి ఆకుమీదనే పెట్టుడు. ఇంటినుండి తెచ్చిన వెంటనే చూడక పావుగంట నీడన ఉంచుడు. అద్దముపై మన దుమ్మును మెత్తని గుడ్డతో తుడువుడు.

మోటారు కాగినదా అని చూచుటకును మంచిదే. కాని మెరయు లోహముపై అంకె తప్పును. ఆ చోట నల్లని టేపు అంటించి, అది కాగిన పిదప దానిపై చూడుడు.

కాయల కుప్ప సంగతి వేరు. పైన చల్లగానున్నను లోపల కాగుచుండవచ్చును. ఇనుప కడ్డీ గ్రుచ్చి, పావుగంటకు తీసి చేతితో తాకుడు. ఆ కడ్డీపై మాత్రము తుపాకి పెట్టకుడు. మెరుగుదేరిన ఇనుము మీద అదియును తప్పే చూపును.