మెలుహా దుబాసీ

భాష తెలియని ఊళ్లో బేరమాడాలంటే దుబాసీ ఉండాల్సిందే. వేల ఏళ్ల కిందటా అంతే! సింధులోయలో చేసిన ఎర్రరాతి పూసలు మెసొపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు చేరేవి. అక్కడి ఉర్ నగరంలోని రాజసమాధుల్లో అవి బయటపడ్డాయి. క్రీ.పూ. 2300 ప్రాంతంలో అక్కడ ఏలిన సార్గాన్ చక్రవర్తి, మెలుహా ఓడలు తన రేవుకొచ్చి ఆగుతున్నాయని శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడు. మెలుహా అంటే సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల మాట.

దాదాపు ఆ కాలపు ముద్ర ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దానిమీది పేరు షు-ఇలిషు. పని? మెలుహా భాషకు దుబాసీ!

సింధు లిపి చదవడం నేటికీ ఎవరి తరమూ కాలేదు. ఆ భాష వచ్చినవాడి పేరు, కొలువు మనకు తెలుసు. ఆయన నోటి మాటే మనదాకా రాలేదు.