ఊరి బావికి పూర్వచరిత్ర ఉన్నదా?

రోగి ఎదుట కూర్చున్నప్పుడు వైద్యుడు నాడి మాత్రమే చూచి మందు వ్రాయడు. ఈ బాధ ఎన్నాళ్ళనుండి, ఏ ఋతువులో హెచ్చుచున్నది, ఏ నీరు త్రాగుచున్నారు అని అడిగి తెలిసికొనును. పూర్వచరిత్ర తెలియనిదే చికిత్స సాగదు. ఊరికి కూడ ఇదే న్యాయము వర్తించునని నా అభిప్రాయము.

చరక సంహిత విమానస్థానము మూడవ అధ్యాయము జనపదోద్ధ్వంసమును గూర్చి చెప్పుచున్నది. మనుష్యుల ప్రకృతులు వేరువేరైనను వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందరికీ సమానము. అవి చెడినచో ఊరంతయు ఒక్కమారే రోగముపాలగును. అవి మెల్లమెల్లగా చెడుచున్నప్పుడు తెలియుట ఎట్లు? ఏటేటా కొలిచి, వ్రాసి, భద్రపరచిననే తెలియును.

ఫ్లోరైడ్ సంగతి చూడండి. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నదని షార్ట్ మొదలగు వైద్యులు 1937లో ప్రకటించినారు. త్రాగునీటిలో ఇది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినను పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకను చిక్కబడును. పండ్లపై చారలు, ఎముకల బిగువు కనబడుటకు ఏండ్లు పట్టును. వంగిన ఎముకను నిటారు చేయు కషాయమేదియు నేనెరుగను. ముందుగా తెలిసికొనుటయే మార్గము.

కొన్నేండ్ల క్రిందట మా వీధి బోరు నీటి పాత పరీక్షా ఫలితములకై ఒక కార్యాలయమునకు వెళ్ళినాను. "ఆ రిజిస్టర్లు చెదలు పట్టినవండీ, చిత్తుకాగితాలలో పోయినవి" అన్నారు. నేటి నీటిని నేడు పరీక్షింపవచ్చును. గడచిన ఏండ్ల నీటిని ఎవరు పరీక్షింపగలరు?

కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు 1958లో హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతముపై గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలుచుట ఆరంభించినాడు. 1964లో నిధులు చాలక కొంతకాలము పని ఆగినది. ఆ నెలల కొలతలు ఇక ఎన్నటికీ దొరకవు. నాడు పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళున్నది, 2024 నాటికి 420 దాటినది. ఒక్క ఏడాది అంకె చూచినవారికి ఈ మార్పు తెలియదు. ఆ పట్టికను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును గనుకనే అది లోకమంతటికీ ఉపకరించుచున్నది.

కనుక కార్యాలయములు తమ పాత రిజిస్టర్లను కాపాడి, ప్రజలు చూచునట్లు ఉంచవలెను. గృహస్థులు కూడ ఒక నోటుపుస్తకము పెట్టవలెను. నీరు పట్టిన తేదీ, బోరు లోతు, వేసవియా వానల తరువాతనా, ఫ్లోరైడ్ ఎంత, పరీక్షించిన చోటు వ్రాసిన చాలును. ఒక నకలు పంచాయతీకి గాని పురపాలక సంఘమునకు గాని, ఒకటి ఇరుగుపొరుగువారికి ఈయవలెను.

బోరు చెడ్డదని తెలిసిన ఇంటికి ధర పలకదని ఫలితము దాచువారున్నారు. దాచిన ఆ కాగితము పొరుగింటి పసివాని పండ్లపై బయటపడును.