అద్దాల బీరువాలో టాల్‌స్టాయ్

పుస్తకాలు చదివేవాళ్లు ఒక రకం. చదవకపోయినా కొనేవాళ్లు ఇంకో రకం. వీళ్లిద్దరితో నాకే పేచీ లేదు. మూడో రకం ఒకటుంది: పుస్తకాన్ని దాచేవాళ్లు. నా గొడవంతా వీళ్లతోనే.

పాతబస్తీలో, దారుల్‌షిఫా దగ్గర, నాకు తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. పేరెందుకు లెండి. ఆయన బీరువాలో టాల్‌స్టాయ్ నవల ‘రిసరక్షన్’ బొమ్మలతో వేసిన ప్రతి ఒకటుంది. తోలు జిల్దు, అంచులకు బంగారు పూత, పైన అట్టపెట్టె. ఒకసారి చూడొచ్చా అంటే, “చూడండి, ముట్టుకోకండి” అన్నారు. పోనీ మీరు చదివారా అంటే, “అయ్యో, నలిగితే ధర పడిపోదూ!” అన్నారు. అంటే అది నవల కాదు, ఫిక్సెడ్ డిపాజిట్టు అన్నమాట.

అసలు ఆ నవలకు బొమ్మలు ఎలా పుట్టాయో చూడండి. 1899లో అది ‘నీవా’ అనే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. నీవా అంటే ఏమిటనుకున్నారు? ఇంటిల్లిపాదీ చదువుకునే సచిత్ర వారపత్రిక! బొమ్మలు వేసింది లియొనీద్ పాస్తర్నాక్, ‘డాక్టర్ జివాగో’ రాసిన బోరిస్‌కి తండ్రి. ఆయన ఉండేది మాస్కోలో, పత్రిక అచ్చయ్యేది పీటర్స్‌బర్గులో. గడువేమో తరుముతూ ఉండేది. వంటింట్లో పొయ్యిమీద జిగురు ఉడికేది. బొమ్మ ఆరీ ఆరకముందే అట్టకు అంటించి, కట్ట కట్టి, ముద్ర వేసి, గుమ్మంలో నిలబడ్డ రైలు కండక్టరు చేతికిచ్చేవారట. బోరిస్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడీ సంగతి. అలా జిగురు వాసనతో, రైలు పొగతో బయల్దేరిన బొమ్మలండీ అవి. వాటిని ముట్టుకుంటే మైలపడతాయా?

ఇంకో ముచ్చట. 1881 తర్వాత తాను రాసినవి ఎవరైనా ఊరికే అచ్చువేసుకోవచ్చని 1891లో ప్రకటించిన మనిషి టాల్‌స్టాయ్. ఈ నవలకు మాత్రం పట్టుబట్టి డబ్బు తీసుకున్నాడు. తనకోసం కాదు. ఆయుధం పట్టమన్నందుకు జారు ప్రభుత్వం హింసించిన దుఖొబోర్ల కోసం. 1899లో 7 వేలమందికి పైగా కెనడా చేరారంటే అందులో ఈ నవల డబ్బూ ఉంది. నవల కథ కూడా, తాను చెరిచిన పేదపిల్లకోసం భూములు, సుఖాలు వదులుకుని సైబీరియా దాకా వెంట నడిచిన దొర కథే. అలాంటి పుస్తకానికి తాళం వేస్తారా!

“పాత వస్తువులు జాగ్రత్త చెయ్యొద్దా?” అంటారు. చెయ్యాలి, ఎవరు కాదన్నారు? ఆ దారుల్‌షిఫాలోనే సాలార్‌జంగ్ మ్యూజియం ఉందిగా. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా పోగుచేసి, 1949లో కన్నుమూశాడు. 1951లో ఆ సంపదంతా జనానికి తలుపు తెరిచింది. ఇప్పుడు టిక్కెట్టు కొన్న ప్రతివాడూ నవాబే. పోగుచెయ్యడం తప్పు కాదు, తలుపు మూసెయ్యడం తప్పు.

న్యూయార్కులో జార్జి మేసీ 1929లో లిమిటెడ్ ఎడిషన్స్ క్లబ్బు పెట్టి, ఒక్కో పుస్తకం మామూలుగా 1,500 ప్రతులే వేసి అమ్మాడు. అయినా ఆ వ్యాపారికే ఎందుకో మనసొప్పలేదు. తర్వాత హెరిటేజ్ ప్రెస్ పెట్టి, చవగ్గా, మామూలు పాఠకుడికి అందేలా బొమ్మల పుస్తకాలు వేశాడు. వ్యాపారికున్న ఆ పాటి ఇంగితం మనకు లేకపోతే ఎలా?

ఇదేదో దొరల పుస్తకాల గొడవని తీసిపారెయ్యకండి. మన ఇళ్లకు వచ్చిన సోవియట్ పుస్తకాల మాటేమిటి? మాస్కోలో కూచుని ఉప్పల లక్ష్మణరావుగారు, రాళ్లబండివారు, నిడమర్తివారు తెనిగిస్తే, విశాలాంధ్ర వాళ్లు ఊరూరా అమ్మారు. బొమ్మలున్నా చవకే. జీతం రాళ్లు చాలని గుమాస్తా కూడా కొనుక్కోగలిగాడు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ రాకా ఆగింది. అరుదైందనగానే అవీ బీరువాలెక్కుతున్నాయి. పేదవాడు చదవాలని చవగ్గా వేసిన పుస్తకాన్ని, పేదవాడికి అందకుండా దాచడం ఎక్కడి న్యాయం?

కాబట్టి బీరువాదారులారా, నా కోరిక చిన్నది. అట్ట ఊడితే ఊడనివ్వండి, మళ్లీ జిల్దు కట్టించుకోవచ్చు. పక్కింటి పిల్ల అడిగితే చేతులు కడుక్కు రమ్మని చెప్పి ఇవ్వండి. ఇవ్వడానికి మనసు రాకపోతే, పక్కన కూచోబెట్టుకుని పేజీలు మీరే తిప్పండి. అదీ చేతకాకపోతే, మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా పేరుతో పుట్టిన గ్రంథాలయం ఉంది, దానికి రాసివ్వండి. చెదపురుగుకైనా పుస్తకం లోపలికి వెళ్లాలన్న ఆసక్తి ఉంటుంది. మీకు అదైనా ఉండొద్దా?