రక్తం ఇచ్చాం, రిపోర్టు ఏది?

"సంచికకి ఒక సైన్సు వ్యాసం తక్కువైంది, వైద్యరంగంలో నూతన పరిశోధనలు అని ఏదైనా వ్రాసి పడెయ్యవోయ్" అన్నారు సంపాదకవర్గం మిత్రులు. వ్రాయడం కష్టమేం కాదు. 2024 మార్చిలో అమెరికాలోని బోస్టన్‌లో జన్యువులు మార్చిన పంది మూత్రపిండాన్ని బ్రతికున్న మనిషికి మొట్టమొదటిసారి అమర్చారు. అక్కడ మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపొచ్చు, కింద సంతకం పెట్టి ఫోటో అచ్చు వేయించుకోవచ్చు. కాని ఆ వార్త నేను మా పెదనాన్నకి చదివి వినిపించినప్పుడు ఆయన పడుకున్న చోటునుంచి లేవకుండానే ఒక ప్రశ్న వేశారు.

"ఆ పంది సంగతి సర్లేరా, మన నెత్తురు అట్టుకెల్లినోల్లు ఏటన్నార్రా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

మాది కవిటి మండలంలో ఒక పల్లె. విజయనగరం వైపునుంచి వచ్చిన మిత్రులకి ఉద్దానం అంటే పేపర్లో పడే కిడ్నీ వార్త మాత్రమే. నిజానికి అది 'ఉద్యానవనం' అన్న మాటలోంచి పుట్టిన పేరని పెద్దలంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు - ఈ మండలాల్లో సముద్రంవైపు పోతే కొబ్బరి, జీడిమామిడి, పనస తప్ప ఆకాశం కనిపించేది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఆకాశం కనిపించేలా చేసింది, అది వేరే కథ. చెట్లు మళ్ళీ నాటుకున్నాం. మనుషుల సంగతే తేలలేదు.

నేను హైస్కూల్లో ఉండగా ఒకనాడు మా ఊరి బడి వరండాలో బల్లలు వేసి, తెల్లకోట్ల వాళ్ళు రక్తం తీశారు, మూత్రం సీసాలు నింపించుకున్నారు. ఎవరు, ఏ సంస్థ అన్నది నేను చెప్పను. మా ప్రాంతానికి వచ్చినవాళ్ళు ఒకరా ఇద్దరా. మా నాన్న, పెదనాన్న ఇద్దరూ వరసలో నిలబడి ఇచ్చారు. చేతిలో ఒక నంబరు చీటీ పెట్టి "నెలలో రిపోర్టు పంపుతాం" అన్నారు. పెదనాన్న ఆ చీటీని రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

రెండేళ్ళకి ఆయనకి అన్నం సయించడం మానేసింది. వాంతులు, ఒళ్ళంతా దురద. రైలెక్కించి విశాఖ తీసుకెళ్తే క్రియాటినిన్ 7 దాటి ఉంది. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని సంగతేమిటంటే, వరండాలో తీసిన ఆ రక్తంలోనే ఈ జబ్బు తొలి అంకెలో కనిపించి ఉండొచ్చు. ఎక్కడో ఒక కాగితంమీద ఎవరో ఆ అంకె వేసి ఉండొచ్చు. మాకు తప్ప అందరికీ తెలిసి ఉండొచ్చు.

పరిశోధన జరగలేదని నేననడం లేదు. జరిగింది, మంచిదే జరిగింది. కొబ్బరి దింపే వాళ్ళు, షుగరూ బి.పి. లేనివాళ్ళు కిడ్నీలు పాడై ఒకే వైపునుంచి వరసగా వస్తున్నారేమిటని విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వైద్యులు ఆశ్చర్యపోయారు. ఆంధ్ర వైద్య కళాశాలలో నెఫ్రాలజీ ఆచార్యులుగానూ, తర్వాత ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతిగానూ పనిచేసిన డా. టి. రవిరాజుగారి బృందం 2019లో ఒక అంతర్జాతీయ కిడ్నీ పత్రికలో ఉద్దానం సర్వే ఫలితాలు అచ్చువేసింది. రెండువేల పైచిలుకు మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి మూత్రపిండాల జబ్బు. వాళ్ళలో దాదాపు ముప్పాతిక వంతు మందికి మధుమేహం లేదు, రక్తపోటు లేదు, మూత్రంలో ప్రొటీను కూడా చెప్పుకోదగ్గంత పోవడం లేదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు తర్వాత 2020లో ప్రకటించిన మరో అధ్యయనం కూడా అటూఇటుగా ఇదే చెప్పింది. పెద్దవాళ్ళలో ప్రతి ఐదుగురికీ ఒకరు! మా వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళని లెక్కపెడుతూ ఆ వాక్యం చదవండి, ఎలా ఉంటుందో తెలుస్తుంది.

కారణం? నీళ్ళలో సిలికా అన్నారు. పురుగుమందులన్నారు. భార లోహాలన్నారు. ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడమన్నారు. ఒళ్ళు నొప్పులకి మింగే బిళ్ళలన్నారు. వంశపారంపర్యమన్నారు. ఇందులో ఏ ఒక్కటీ "ఇదే దోషి" అని ఇంతవరకు రుజువు కాలేదు. వైద్యులు దీనికి పెట్టిన పేరులోనే 'కారణం తెలియని' అన్న మాట ఉంది. పేరు పెట్టినవాళ్ళ నిజాయితీ నాకు నచ్చింది.

ఇక్కడ రసాయనశాస్త్ర విద్యార్థిగా నాకు ఒక గొడవ ఉంది. కిడ్నీ పని కొలిచేది క్రియాటినిన్‌తో. అది మన కండరాలనుంచి పుట్టే వ్యర్థం, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. రక్తంలో మామూలుగా డెసిలీటరుకి 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాములు. దీన్ని కొలిచే పద్ధతి జాఫే అనే ఆయన 1886లో గమనించిన చర్య మీద నిలబడి ఉంది: క్షారంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే క్రియాటినిన్ నారింజ రంగు ఇస్తుంది, ఆ రంగు గాఢతని కలరీమీటరులో కొలుస్తాం. మన లాబులో ఉన్న కలరీమీటరే (అది పనిచేసే రోజున). ఈ పద్ధతిలో రక్తంలోని వేరే పదార్థాలు కూడా కాస్త రంగునిస్తాయి. ఎంజైము పద్ధతిలో చేసిన లాబు ఒక అంకె ఇస్తే, జాఫే పద్ధతిలో చేసిన లాబు ఇంకో అంకె ఇవ్వగలదు. పైగా వైశాఖం ఎండలో రోజల్లా కొబ్బరి దింపిన మనిషికి సాయంత్రం రక్తం తీస్తే క్రియాటినిన్ కొంచెం పైకి ఉంటుంది, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటే దిగుతుంది. కండ లేని ముసలమ్మకి కిడ్నీ సగం పోయినా అంకె బాగానే కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ కిడ్నీల శక్తి దాదాపు సగం తగ్గేదాకా ఈ అంకె పెద్దగా కదలదు. అందుకే దీర్ఘకాలిక జబ్బు అనాలంటే కనీసం మూడు నెలల తేడాతో మళ్ళీ చూడాలన్నది వైద్యుల నియమం.

అంటే ఏమిటి? ఒక్కసారి వచ్చి, ఒక్క సీసా నింపుకుని పోతే ఎంతమందికి జబ్బుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది గాని, ఎందుకొచ్చిందో ఎన్నటికీ తెలియదు. ఎందుకో తెలియాలంటే బాగున్నవాళ్ళని పట్టుకోవాలి. అదే మనిషిని, అదే లాబులో, అదే పద్ధతిలో, ఏడాదికి రెండుసార్లు, పదేళ్ళు చూడాలి. వాడు ఏ బావి నీళ్ళు తాగాడు, ఏ మందు కొట్టాడు, ఎన్ని బిళ్ళలు మింగాడు అన్నీ వ్రాసుకుంటూ పోవాలి. పదేళ్ళపాటు రక్తం ఇవ్వమంటే ఎవరిస్తారు? మొదటిసారి ఇచ్చినదానికి జవాబు వచ్చినవాడు ఇస్తాడు. మా పెదనాన్న చీటీ ఇంకా ట్రంకులోనే ఉంది. ఆ ట్రంకు చూసిన మా వీధివాళ్ళెవరూ ఇంకోసారి చెయ్యి చాపరు. రిపోర్టు ఇవ్వడమన్నది మర్యాదకి సంబంధించిన విషయమని కొందరనుకుంటారు. కాదు, అది లేకపోతే పరిశోధనే సాగదు.

దూరదేశాల కథ ఒకటి చెబుతాను. డాన్యూబ్ నది ఉపనదుల పక్కన బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, రొమేనియా పల్లెల్లో అచ్చం మనలాగే ఒక ఊళ్ళో ఉండి పక్క ఊళ్ళో లేకుండా రైతుల కిడ్నీలు పోయేవి. 1950ల్లోనే వైద్యులు దాని గురించి వ్రాశారు. నీళ్ళన్నారు, సీసమన్నారు, బూజు అన్నారు. చివరికి తేలింది గోధుమ చేలో కలుపు మొక్క! దాని గింజలు గోధుమతో పాటు నూర్పిడిలో కలిసి, పిండిలో పడి, రొట్టెలో తిన్నారు. 2007లో రోగుల కణాల్లో ఆ విషం వదిలిన గుర్తు పట్టుకున్నాక గాని లోకం నమ్మలేదు. యాభై ఏళ్ళు! మన పల్లెల్లో పాముకాటుకి వాడే ఈశ్వరి వేరు ఆ మొక్క ప్రజాతికి చెందినదే. ఉద్దానానికి అదే కారణమని నేననడం లేదు. కలుపు తీసే రైతు కంటికి రోజూ కనబడే మొక్క, ప్రయోగశాల దృష్టికి రావడానికి అన్నేళ్ళు పట్టిందని మాత్రం అంటున్నాను. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు కూలీలకీ, శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతం వరి రైతులకీ కూడా ఇలాంటి జబ్బే ఉంది. చెరకు తోటల్లో ఎండదెబ్బనే ప్రధానంగా అనుమానించి నీళ్ళు, నీడ, విశ్రాంతి ఇచ్చి చూస్తున్నారు. మనకి చెరకు లేదు, కొబ్బరి నీడ ఉంది. అయినా వస్తోంది, ఆడవాళ్ళకీ వస్తోంది. అక్కడి జవాబు ఇక్కడ అతికించలేం.

పెదనాన్నకి విశాఖలో చిన్న ఆపరేషన్ చేశారు. ఎడమ మణికట్టు దగ్గర ధమనిని సిరకి కలిపి కుట్టడం. ఫిస్టులా అంటారు. 1966లో న్యూయార్కు వైద్యులు బ్రెషియా, చిమినో, వారి సహచరులు ఈ ఉపాయం ప్రకటించారు. అంతకుముందు డయాలసిస్ కోసం ఒంటిలోకి గొట్టాలు పెట్టి వదిలేవారు, అవి మూసుకుపోయేవి, చీము పట్టేవి. ధమని ఒత్తిడితో రక్తం సిరలోకి దూకి, కొన్ని వారాలకి సిర లావెక్కి గట్టిపడుతుంది, లావాటి సూదులకి తట్టుకుంటుంది. అరగంటలో చెప్పగలిగే ఆలోచన, లక్షల ప్రాణాలు నిలబెట్టింది. ఆ చోట వేలు ఆనిస్తే బోరు మోటారు పైపుమీద చెయ్యి పెట్టినట్టు రుంయ్‌మని అదురుతుంది. ఆ చేతికి బి.పి. పట్టీ కట్టకూడదు, సూది వెయ్యకూడదు, బరువెత్తకూడదు. మా ఊళ్ళో కొబ్బరికాయల కావిడి వేసుకుని ఆయనకంటే ముందు నడిచినవాడు లేడు. ఇప్పుడు ఆ చేతిని దిండుమీద పసిపిల్లలా పడుకోబెడతారు. రాత్రి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. "మోటారు ఆడతందిరా" అంటారు, ఇక నిద్రపోతారు.

వారానికి రెండు రోజులు సోంపేట, పూటకి నాలుగు గంటలు. ఇంతకుముందు ఇదీ లేదు, విశాఖ పోవలసి వచ్చేది. 2023 డిసెంబరు 14న పలాసలో రెండువందల పడకల ఆసుపత్రి, దాంతోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయంనుంచి పైపుల్లో వంశధార నీరూ అదేరోజు వదిలారు. ఏ పార్టీవాళ్ళు చేశారు, ఎవరు ముందు వాగ్దానం చేశారు అన్న వాదన క్యాంటీనులో చేసుకుందాం. నాకు కావలసింది వేరు. నీళ్ళు మారాయి కదా! ఇప్పుడు పదేళ్ళపాటు అవే కుటుంబాలని చూస్తే నీళ్ళు దోషో కాదో తేలిపోతుంది. ఇంత పెద్ద ప్రయోగం ఏ లాబులోనూ చెయ్యలేం. ఎవరైనా పుస్తకంలో వ్రాస్తున్నారా?

వ్రాయవలసింది మనం. ఏడాదికొకసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరం పేరుతో మొక్కలు నాటి, ఫోటో దిగి వస్తున్నాం. పోయిన ఏడాది నాటిన చోటే ఈ ఏడాదీ నాటామని నాకు గట్టి అనుమానం. ఆ ఏడు రోజులూ ఒక ఊరికి పెట్టుకుంటే బావి, బోరు, కుళాయి నీళ్ళు మన లాబులోనే పరీక్షించగలం. శ్రీకాకుళం, విశాఖ వైద్య కళాశాలల వాళ్ళు అజమాయిషీ చేస్తే ఇంటింటికీ రిపోర్టు పట్టుకెళ్ళి, తెలుగులో చదివి చెప్పగలం. గోడమీద అంటించడం కాదు, ఎవరిది వాళ్ళ చెవిలో. ఉద్దానం సంబంధమంటేనే ముఖం తిప్పుకునే రోజులివి. ఒక అమ్మాయి అంకె ఊరంతా తెలిస్తే పెళ్ళి ఆగిపోతుంది. ఇంగ్లీషు పత్రికలో అచ్చయిన వ్యాసం మీద నాకు కోపం లేదు, అది కావాలి. దాని పక్కన అరపేజీ తెలుగు కాగితం కూడా ఉండాలంటున్నాను.

ఇదంతా ఇంటిదగ్గర చెబితే మా నాన్న చుట్ట పక్కన పెట్టి ఒకే మాట అన్నారు. "తెలిసేటి సేత్తాంరా? మందుందా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పోయిన కిడ్నీని తెచ్చే మందు లేదు. కాని తొలిదశలో తెలిస్తే ఒంటి నొప్పులకి ఆర్.ఎం.పి. ఇచ్చే డైక్లోఫెనాక్ బిళ్ళలూ, ఇంజెక్షన్లూ మానొచ్చు, బి.పి. వస్తే అదుపులో పెట్టొచ్చు, మిట్టమధ్యాహ్నం చెట్టెక్కడం మానొచ్చు. డయాలసిస్ రోజుని వెనక్కి నెట్టొచ్చు. ఎన్నేళ్ళు? చెప్పలేను. మా పెదనాన్నకి రెండేళ్ళు వెనక్కి నెట్టి ఉంటే మా అక్క పెళ్ళిలో ఆయన కావిడి మోసేవారు. నాన్నతో ఇదే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ముందు నీది సేయించుకో" అన్నారు చివరికి.

నిజం చెప్పొద్దూ, అంతవరకు నేనూ చేయించుకోలేదు. ఇంత వ్యాసం వ్రాస్తున్నవాణ్ణి, జాఫే చర్య కంఠతా వచ్చినవాణ్ణి, భయం వేసి వాయిదా వేస్తూ వచ్చాను. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి ఇచ్చాను. రిపోర్టు సాయంత్రమే చేతికొచ్చింది, 0.9. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించాలి. కాగితం తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, మడతపెట్టి, ట్రంకులో ఆ పాత చీటీ పక్కన పెట్టారు.

"జీడిపిక్కల పనయ్యాక నానూ వత్తాను" అన్నారు.

పిక్కలు రాలడం మొదలైంది.