ఇంగ్లీషు క్లబ్బులో తెలుగుకు జరిమానా ఎందుకు?

పిల్లల నోట తెలుగు రాకుండా కట్టడి చేస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుందని మన కాలేజీల్లో చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. ధవళేశ్వరం, రాజమహేంద్రవరం చుట్టుపక్కల నేను వెళ్లి కూర్చున్న స్టూడెంట్ ఇంగ్లీషు క్లబ్బులన్నిట్లోనూ మొదటి నియమం ఇదే. గోడ మీద ‘ఓన్లీ ఇంగ్లీష్’ అని చార్టు. తెలుగు మాట దొర్లితే ఐదో పదో జరిమానా. పేర్లు రాసుకోవడానికి ఒక క్లాస్ లీడరు. లెక్చరర్లు పిల్లల మేలు కోరే ఈ పద్ధతి పెట్టారు. తల్లిదండ్రులకూ ఇది నచ్చింది. అయినా ఇది తప్పు, చిన్న తప్పు కూడా కాదు. గోదావరి లంకల నుంచి, మెరక ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకే క్లబ్బు అవసరం అందరికంటే ఎక్కువ. ఈ నియమం సరిగ్గా వాళ్లనే క్లబ్బుకు దూరం చేస్తోంది.

క్లబ్బు గంటలో జరిగేదేమిటో దగ్గర నుంచి చూడాలి. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఒక్కొక్కరూ లేచి పేరు, ఊరు, నాన్నగారి ఉద్యోగం, హాబీలు చెబుతారు. పాటలు వినడం, క్రికెట్ ఆడటం. అందరికీ అవే హాబీలు, అవే వాక్యాలు, ఎందుకంటే అందరూ బట్టీ పట్టింది ఒకే కాగితం. ఆ తర్వాత సోషల్ మీడియా వరమా శాపమా అని గ్రూప్ డిస్కషన్ మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి కాన్వెంటులో చదివిన ముగ్గురు నలుగురు మాట్లాడతారు. మిగతావాళ్లు తలలు దించుకుంటారు. వాళ్లకు చెప్పడానికేమీ లేదని మనం అనుకుంటాం.

ఒక వరదల కాలంలో ఒక క్లబ్బుకు వెళ్లాను. గది బయట వరండాలో ఒకమ్మాయి స్నేహితురాలికి గడగడా చెబుతోంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మూడోది వచ్చిందంటే తమ లంకలో గొడ్లను ముందే ఏటిగట్టు మీదికి తోలేస్తారట. కాజ్‌వే మునిగాక పడవే గతి. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటిపోయినప్పుడు వాళ్ల అమ్మమ్మ ఇల్లు కదలనని మొండికేస్తే అందరూ కలిసి ఆమెను పడవ ఎలా ఎక్కించారో చేతులు తిప్పుతూ చెప్పింది. ఐదు నిమిషాల తర్వాత అదే అమ్మాయికి గదిలో ‘డిజిటల్ ఇండియా’ అంశం ఇచ్చారు. రెండు ముక్కలు చెప్పి, సారీ మేడం అని కూర్చుంది.

ఆ మేడం మంచావిడ. నా మాట విని ఒక ప్రయోగానికి ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి వరద సంగతి ముందు తెలుగులోనే అందరికీ చెప్పింది. గేటు, గట్టు, మట్టం, హెచ్చరిక లాంటి మాటలకు ఇంగ్లీషు అందరూ కలిసి బోర్డు మీద రాశారు. తర్వాత ఆమె మళ్లీ లేచి ఇంగ్లీషులో చెప్పింది. క్రియలు తప్పాయి, వాక్యాలు మధ్యలో తెగాయి, కానీ కథ చివరిదాకా నడిచింది. వెనక వరసలో ఒక కుర్రాడు, మరి గొడ్లకు మేత ఎలా అని ఇంగ్లీషులోనే అడిగాడు. ఆ గదిలో ఒక విద్యార్థి ఇంకో విద్యార్థిని నిజంగా తెలుసుకోవాలని ప్రశ్న వేయడం నేను చూడటం అదే మొదటిసారి.

తెలుగు నిషేధం శాస్త్రీయమని చెప్పేవాళ్లు దాని పుట్టుక కూడా చెప్పాలి. 1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్వెల్త్ దేశాల ఇంగ్లీషు బోధనపై ఒక సమావేశం జరిగింది. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పడం మేలన్న సూత్రం ఆ రోజుల్లో ఇలాంటి వేదికల మీదే గట్టిపడింది. భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో రాసిన పుస్తకంలో దాన్ని అపోహగా లెక్కగట్టి తూర్పారబట్టాడు. ఆ సూత్రం ఎవరికి లాభించిందో కూడా చూపించాడు. మన భాష రాని ఉపాధ్యాయుడికి, ఒకే పాఠ్యపుస్తకాన్ని అన్ని దేశాల్లో అమ్ముకునే ప్రచురణకర్తకు అది ఎంతో అనుకూలం. తెలుగు వచ్చిన లెక్చరరు, తెలుగు వచ్చిన పిల్లలు ఉన్న గదికి దాంతో పనేమిటి?

‘జామ్’ (జస్ట్ ఎ మినిట్) సంగతి ఇంకా బాధాకరం. ఒక్క నిమిషం మాట్లాడాలి, తడబడకూడదు, అన్న మాట మళ్లీ అనకూడదు, విషయం తప్పకూడదు. క్యాంపస్ ఇంటర్వ్యూల పేరుతో మన క్లబ్బులన్నీ ఈ ఆటనే పరీక్షగా పెట్టుకున్నాయి. ఈ ఆట ప్రసిద్ధమైంది 1967లో మొదలైన ఒక బీబీసీ రేడియో హాస్య కార్యక్రమంతో. ఇంగ్లీషు మాతృభాష అయిన వాళ్లు, మాటలతోనే బతికే హాస్యనటులు, నిమిషం నిండకుండానే పట్టుబడిపోవడం అందులో వినోదం. వాళ్లే నెగ్గలేని ఆటను, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కూడబలుక్కునే పిల్లలకు గీటురాయిగా పెడుతున్నాం. భాష నేర్చుకునేవాడు తడబడతాడు, అన్నదే మళ్లీ అంటాడు. నేర్చుకోవడమంటే అదే. దానికి గంట కొట్టి కూర్చోబెట్టడం అన్యాయం.

ఈ గడ్డ మీద ఇంగ్లీషు ఎలా నాటుకుందో మనం మరచిపోయాం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఇంగ్లీషు పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ రోజుల్లోనే, 1874లో, ఇక్కడ బాలికల పాఠశాల తెరిచారు, ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. ఆయన గోల్డ్‌స్మిత్‌ను ఇంగ్లీషులో చదివి, ఆ స్ఫూర్తితో ధవళేశ్వరం నేపథ్యంగా ‘రాజశేఖర చరిత్రము’ నవల తెలుగులో రాశారు. 1887లో హచిన్సన్ అనే అనువాదకుడు దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లాడు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు రాకపోకలు ఈ ఊరి పేరు మీదే సాగాయి.

1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నేత బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో ఉపన్యసిస్తుంటే, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అక్కడికక్కడే తెలుగులో చెప్పారు. ఆ సభల వేడి విద్యార్థులకు అంటుకుంది. వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావును బహిష్కరించారు. ఒక వక్త మాటను విని, అర్థం చెడకుండా, ఊపు తగ్గకుండా, వెంటనే ఇంకో భాషలో జనం ముందు పెట్టడం ఎంత పెద్ద విద్యో ఆలోచించండి. ఇప్పటి క్లబ్బు నియమం ప్రకారం చిలకమర్తి వారు నోరు తెరిచిన ప్రతిసారీ జరిమానా కట్టాలి.

ధవళేశ్వరం ఆనకట్టదీ అదే కథ. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర కట్టించిన ఆనకట్ట ఆలోచన ఇంగ్లీషులో కాగితం మీదికెక్కింది. పని మాత్రం వేలమంది కూలీలతో తెలుగులో జరిగింది. వీణం వీరన్నలాంటి వాళ్లు దొరకూ కూలీలకూ నడుమ నిలబడకపోతే గోదావరికి అడ్డంగా రాయి పడేది కాదు.

ఇక అవమానం సంగతి. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడి పిల్లల మెడలో, తెలుగు మాట్లాడబోమంటూ ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారన్న వార్తకు రాష్ట్రమంతా అట్టుడికింది. పంతొమ్మిదో శతాబ్దపు వేల్స్ బడుల్లో, వలస పాలనలో కెన్యా బడుల్లో ఇలాంటి పలకలే పిల్లల మెడలో పడ్డాయి. పది రూపాయల జరిమానాను దానితో పోల్చడం అతి అని కొందరంటారు. పలకకూ జరిమానాకూ తేడా ఉంది, నిజమే. కానీ పిల్లవాడికి అందే సందేశం ఒక్కటే: మీ అమ్మ మాట్లాడే మాట ఈ గదిలో నేరం.

ఎదుటి వాదంలో ఒక బలమైన మాట ఉంది. ఇంట్లో ఇంగ్లీషు లేదు, వీధిలో లేదు. వారానికి దొరికేది ఆ ఒక్క గంటే, అదీ తెలుగుతో నింపితే ఇంకేం మిగులుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేద్దాం. ముప్ఫై మంది ఉన్న క్లబ్బులో గంటను సమంగా పంచినా మనిషికి దక్కేది రెండు నిమిషాలు. మిగతా యాభై ఎనిమిది నిమిషాలు వాడు వినేది తోటివాళ్ల బట్టీ వాక్యాలు. భాష వంటబట్టేది మంచి ఇంగ్లీషు వినడం వల్ల, చదవడం వల్ల, బుర్రకు పని ఉండటం వల్ల. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు పేరుతో ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు దక్షిణాది బడుల్లో చేసి చూపింది ఇదే. పిల్లలకు రైలు టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమన్నాడు. ధ్యాస పని మీద ఉంటే భాష వెంట వస్తుందన్నది ఆయన పట్టు.

చివరికి మాట్లాడేది ఇంగ్లీషులోనే మాట్లాడనివ్వండి, దాన్ని నేనూ కోరుతున్నాను. అక్కడికి చేరే దారిలో తెలుగును రానివ్వండి. ధవళేశ్వరం క్లబ్బులకు సరుకు కాళ్ల ముందే ఉంది. కాటన్ మ్యూజియంకు ఇతర రాష్ట్రాల వాళ్లు వస్తుంటారు. ఇద్దరిద్దరు పిల్లలను అక్కడికి పంపండి. ఒకరు ఆనకట్ట సంగతి తెలుగులో చెప్పాలి, ఇంకొకరు వచ్చినవాళ్లకు ఇంగ్లీషులో అందించాలి, తర్వాత చోట్లు మార్చుకోవాలి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీ నాలుగు భాగాలుగా ఎందుకుందో, ఏ గేటు ఎప్పుడు ఎత్తుతారో గేట్ల దగ్గర పనిచేసేవాళ్లను తెలుగులో అడిగి తెలుసుకుని, ఇంగ్లీషులో ఒక పేజీ రాయమనండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో వీరేశలింగం గారి పుస్తకంలో ఒక ప్రకరణం చదివి, కథను ఇంగ్లీషులో తిరిగి చెప్పమనండి. వాళ్లు చెప్పింది తప్పుల తడకగా ఉన్నా చివరిదాకా విని, తప్పులు ఆ తర్వాత దిద్దండి.

ఇప్పుడున్న నియమంతో లాభపడేది ఇంగ్లీషు ముందే వచ్చిన ఆ ముగ్గురు నలుగురే. వాళ్లకు క్లబ్బు లేకపోయినా నష్టం లేదు. లంక నుంచి వచ్చిన అమ్మాయికి మాత్రం, కాలేజీ బస్సు బయల్దేరేలోగా ఎవరైనా తన మాట వినే చోటు ఇదొక్కటే.